కరువు సాయం కౌలు రైతుకు దక్కాలంటే

ఇన్‌పుట్ సబ్సిడీ పడిందని ఊళ్లో చెప్పుకుంటారు. తీరా చూస్తే డబ్బు పొలం యజమాని ఖాతాలో ఉంటుంది. పెట్టుబడి పెట్టి మునిగింది గుత్తకు చేసినవాడు. కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో ఇది కొత్తేమీ కాదు.

కరువు మండలంగా ప్రకటించిన చోట 33 శాతం, ఆపైన పంట పోతే ఈ సాయం వస్తుంది. 2022-26 నిబంధనల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అంటే ఎకరాకు సుమారు 3,400. ఎంత సాగు చేసినా రెండు హెక్టార్లకే లెక్క. శెనక్కాయ విత్తనాల ఖర్చుకే ఇది చాలదు. అయినా ఎందుకు వదులుకోవాలి?

ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరుంటే వారికే డబ్బు. అందుకు కౌలు కార్డు ఆధారం. 2019 చట్టం ప్రకారం యజమాని సంతకంతో 11 నెలలకు ఇస్తారు. భూమి పోతుందేమోనని చాలామంది సంతకం పెట్టరు. ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు, గడువు దాటితే చెల్లదు. ఈ సంగతి యజమానికి వీఆర్వో చేత చెప్పించండి.

విత్తనం పడగానే రైతు సేవా కేంద్రంలో పంట రాయించి వేలిముద్ర వేయాలి. జాబితా అంటించినప్పుడు సర్వే నంబరు, పంట, పేరు సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పాలి, కరువు ప్రకటన వచ్చాక దిద్దించడం కష్టం.