కారు ఇంజిన్ ఎందుకు టకటకమంటుంది?

కంబదూరు నుంచి కళ్యాణదుర్గం వెళ్తున్న కారు బానెట్ కింద ఉన్నట్టుండి టకటక మొదలైందనుకోండి. మంచి మెకానిక్ ముందు స్పానర్ పట్టడు, చెవి పెడతాడు. నిలిపిన బండిలో యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు జోరందుకుందా? అయితే అది ఇంజిన్ వైపుదే. బండి కదిలినప్పుడే వస్తే చక్రాలు చూడాలి.

ఇక్కడో అందమైన లెక్క ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే వాల్వు తెరుచుకునేది 400 సార్లే. అందుకే ఇంజిన్ పైభాగంలో సన్నగా, నిదానంగా వినిపించే టిక్‌టిక్ చాలాసార్లు వాల్వులను నడిపే టాపెట్లది. అడుగు నుంచి వచ్చే బరువైన దబదబ బేరింగులది కావచ్చు. అది వినిపిస్తే ఇంజిన్ వెంటనే ఆపాలి. ఆయిల్ తగ్గినా రెండూ రావచ్చు కాబట్టి ముందు డిప్‌స్టిక్ చూస్తారు.

చప్పుడు వచ్చే చోటు పట్టడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి ఆనిస్తారు. ఉక్కు ఆ అదురును నేరుగా చెవికి చేరుస్తుంది, డాక్టరు స్టెతస్కోపులాగా.

కీచుమంటే మాత్రం బెల్టును అనుమానించాలి. మన మెట్టనేలల దుమ్ము పడినా, వదులైనా బెల్టు జారి అరుస్తుంది. మెకానిక్ దానిపై కాసిన్ని నీళ్లు చిలకరిస్తాడు. అరుపు క్షణంపాటు మారితే దోషి బెల్టే. తిరిగే బెల్టు దగ్గరికి మీరు మాత్రం చేయి పోనివ్వకండి.