రిలే: చిన్న కరెంటు ఆజ్ఞ, పెద్ద కరెంటు పని

రిలే అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చు. ఒక తీగచుట్టలో చిన్న కరెంటు పారితే అది అయస్కాంతమై ఎదుట ఉన్న ఇనుప రేకును లాగుతుంది. రేకు కదలగానే రెండు లోహపు పాయింట్లు కలిసి పెద్ద కరెంటుకు దారి ఏర్పడుతుంది. చుట్టలో కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కి లాగి ఆ దారిని తెంచేస్తుంది. అడవి దారుల్లో, ఎడారుల్లో తిరిగే జీపులకు అదనపు లైట్లు బిగించినప్పుడు, డ్రైవరు ముందున్న స్విచ్చుల పెట్టెకూ ఆ లైట్లకూ నడుమ ఉండేది ఈ పరికరమే. అయితే ఇది మోటారు కారు కంటే అర్ధ శతాబ్దం ముందే పుట్టింది.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ గమనించాడు. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతం తయారుచేశాడు. అమెరికాలోని ఆల్బనీలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ తీగకు పట్టుగుడ్డ తొడిగి, వరుస మీద వరుసగా చుట్టి, దాని బలాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. 1831లో సుమారు మైలు పొడవున్న తీగ చివర గంట మోగించి చూపాడు. 1835లో ప్రిన్స్‌టన్‌లో మరో మెట్టు ఎక్కాడు. దూరం నుంచి వచ్చిన బలహీనమైన కరెంటుతో, దగ్గరలోని బలమైన విద్యుత్ వలయాన్ని నడిపించాడు. రిలే అలా పుట్టింది. హెన్రీ దానికి పేటెంటు తీసుకోలేదు.

దాన్ని మొదట పెద్ద ఎత్తున వాడుకున్నది టెలిగ్రాఫు. తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. దారి మధ్యలో రిలే పెడితే, ఆ నీరసించిన కరెంటుకు రేకును కదిలించే శక్తి మిగిలి ఉంటే చాలు, అక్కడి బ్యాటరీ కొత్త బలంతో సంకేతాన్ని ముందుకు పంపుతుంది. అలసిన గుర్రాలను మజిలీలో విప్పి కొత్తవాటిని కట్టే ఏర్పాటును ఇంగ్లీషులో రిలే అనేవారు. ఆ పేరే దీనికి నిలిచింది. తర్వాత రిలేలు టెలిఫోను ఎక్స్ఛేంజీలను, రైలు సిగ్నళ్లను నడిపాయి. 1941లో జర్మనీలో కొన్రాడ్ జూజ తయారుచేసిన జడ్3 కంప్యూటరు రెండు వేలకు పైగా రిలేలతోనే లెక్కలు కట్టింది.

టెలిగ్రాఫులో తీగ చాలా పొడవు, కరెంటు స్వల్పం. వాహనంలో తీగ కొద్ది మీటర్లే, కానీ కరెంటు ఎక్కువ. 100 వాట్ల ఫిలమెంటు లైట్లు రెండింటికి 12 వోల్టుల దగ్గర దాదాపు 16.7 ఆంపియర్లు కావాలి. ఆ కరెంటు బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుంచి లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 6 మీటర్లు తిరిగితే దారిలోనే వోల్టుకు పైగా పోతుంది. ఫిలమెంటుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. పైగా స్విచ్చు పాయింట్లు వేడెక్కి కాలిపోతాయి.

రిలేను బానెట్ కింద బ్యాటరీ దగ్గర బిగిస్తే ఈ చిక్కు తీరుతుంది. వాహనాల రిలే పిన్నులకు జర్మన్ ప్రమాణం ఇచ్చిన అంకెలే అంతటా వాడుకలో ఉన్నాయి. 30వ పిన్నుకు బ్యాటరీ పాజిటివ్ వైరు, 87కు లైట్ల వైరు, 86కు స్విచ్చు నుంచి వచ్చే వైరు, 85కు ఎర్తు కలుపుతారు. తీగచుట్టకు అయ్యే కరెంటు ఆంపియరులో ఆరో ఏడో వంతు మాత్రమే కనుక స్విచ్చు దాకా సన్నని వైరు సరిపోతుంది. లావు వైరు బ్యాటరీకీ లైట్లకూ మధ్య 2 మీటర్లే నడుస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.15 వోల్టుకు మించదు.

ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అది కాపాడేది లైటును కాదు, వైరును. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య వైరు ఒరుసుకుపోయి వాహనపు ఇనుముకు తగిలితే లేచే మంటను ఆపేది ఏదీ ఉండదు. ఫ్యూజు విలువ లైట్ల కరెంటు కంటే ఎక్కువగా, వైరు మోయగల కరెంటు కంటే తక్కువగా ఉండాలి. పై లైట్లకు 25 ఆంపియర్లది తగినది. ఎర్తు వైరు బిగించే చోట రంగు గీకి మెరిసే లోహం కనిపించేలా చేయాలి. స్విచ్చుకు కరెంటును ఇగ్నిషన్ ద్వారా ఇస్తే తాళం తీయగానే లైట్లు ఆరిపోతాయి, బ్యాటరీ ఖాళీ కాదు.

కొత్త స్విచ్చు ప్యానెళ్లలో కదిలే రేకు బదులు సెమీకండక్టర్లు వచ్చాయి. టక్కుమనే చప్పుడు పోయింది, అరిగే పాయింట్లూ పోయాయి. చిన్న కరెంటు ఆజ్ఞ ఇస్తే పెద్ద కరెంటు పని చేయాలన్న హెన్రీ సూత్రం మాత్రం వాటిలోనూ అలాగే ఉంది.