పిల్లవాని చేతికి తగిన వయొలిన్

ఆరాధనలో పాటలకు వయొలిన్ వాయించాలని ఆశపడే బిడ్డలున్న తల్లిదండ్రులకు ఒక మాట. "ఎదిగే బిడ్డ, రెండేళ్లు పోతే సరిపోతుందిలే" అని బడి చొక్కా వదులుగా కుట్టించినట్లు వయొలిన్ పెద్దది కొనకండి. చొక్కా చేతులు మడవవచ్చు, వయొలిన్‌ను మడవలేము గదా!

పూర్తి సైజుతోపాటు ముప్పావు, అర, పావు, ఇంకా చిన్న సైజులు కూడ ఉన్నాయి. అర సైజు అంటే పొడవులో సగం కాదు. పూర్తి వయొలిన్ పెట్టె సుమారు 14 అంగుళాలైతే, దానిది 12½.

కొలత ఇంట్లోనే తీయవచ్చు. బిడ్డను నిలబెట్టి ఎడమ చేయి భుజమెత్తున పక్కకు చాపించండి. మెడ మొదలు నుండి అరచేతి మధ్యవరకు టేపుతో కొలవండి. సుమారు 20 అంగుళాలుంటే అర సైజు, 22 ఉంటే ముప్పావు, 23 దాటితే పూర్తి సైజు. కొట్టులో మరల చూడండి. వయొలిన్ భుజంపై పెట్టి చేయి చాపితే, చివరనున్న చుట్టను వ్రేళ్లు సుళువుగా పట్టుకోవాలి, మోచేయి కొంచెం వంగి ఉండాలి. సందేహం వస్తే చిన్నదే మేలు. కమాను కూడ ఆ సైజుదే అడగండి.

పెద్ద వయొలిన్ పట్టిన పిల్లవానికి మెడ, మణికట్టు నొప్పిపెడతాయి. చిటికెనవ్రేలు అందక స్వరం తప్పుతుంది. మనమేమో "వీడికి సంగీతం రాదు" అనేస్తాము! సౌలు తొడిగించిన యుద్ధకవచంతో దావీదు నడవలేకపోయాడు (1 సమూ. 17:39). అంతమాత్రాన దావీదు చేతగానివాడా?

సైజు మారినప్పుడల్లా కొత్తది కొనే స్థోమత అందరికీ ఉండదు. చిన్న వయొలిన్ ఒకటి సంఘమే కొని ఉంచితే, ఒక బిడ్డ ఎదిగాక మరో బిడ్డ చేతికి వెళ్తుంది. అన్న వయొలిన్ ఖాళీగా ఉన్నదని తమ్మునికి ఇచ్చేముందు కూడ టేపు తీయండి.