నల్గొండ మట్టి.. భయం లేని నటీమణులు: ‘మండీ’ నుంచి ‘మల్లేశం’ దాకా అసలు కథ ఇదీ!

భువనగిరి ఖిల్లా ఉన్న ఊళ్లో ఒకప్పుడు షబానా అజ్మీ, స్మితా పాటిల్, నీనా గుప్తా కలిసి షూటింగ్ చేశారంటే ఇప్పటి కుర్రాళ్లు ఎంతమంది నమ్ముతారు? కానీ ఇది నిజం. శ్యామ్ బెనెగల్ తీసిన ‘మండీ’ (1983) షూటింగ్ జరిగింది భువనగిరిలోనే. అప్పట్లో అది నల్గొండ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరి అయింది.

ఇదొక్కటే కాదు. దేశమంతా మెచ్చుకున్న ఆడపాత్రలు కొన్ని ఈ మట్టి చుట్టూనే పుట్టాయి. పెద్ద హీరోలు లేరు, డ్యూయెట్లు లేవు. అయినా సినిమా ప్రేమికులు ఇప్పటికీ ఈ సినిమాల గురించి చెప్పుకుంటూనే ఉంటారు. అసలు ఏముంది వీటిలో?

అసలు ‘ఇండిపెండెంట్’ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే తేడా. స్టార్ డేట్లు, పంపిణీదారుల లెక్కలు, ఫైట్లు, పాటలు.. వీటిని చూసుకుని తీసేది మామూలు కమర్షియల్ సినిమా. అవి పక్కనపెట్టి చెప్పాలనుకున్న కథకే కట్టుబడి తీసేది ఇండిపెండెంట్ సినిమా. ఒకప్పుడు దీన్నే ఆర్ట్ సినిమా, సమాంతర సినిమా అనేవారు.

బెనెగల్ ‘మంథన్’ (1976) కోసం గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకున్నారు. పోచంపల్లి నేతన్నల మీద తీసిన ‘సుస్మన్’ (1987)కు చేనేత సహకార సంఘాలు డబ్బు పెట్టాయి. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన ‘మా భూమి’ని బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు.

దీనికీ, నటీమణుల ధైర్యానికీ లింకేంటి అంటారా? ఉంది. హీరోయిన్ అందంగానే కనిపించాలి, మంచిదిగానే ఉండాలి అని పట్టుబట్టేవాళ్లు లేనప్పుడే ఆమె అసలు మనిషిలా కనిపించగలదు.

దొరను నిలదీసిన లక్ష్మి

1974లో వచ్చిన ‘అంకుర్’ షబానా అజ్మీకి తెరపై తొలి సినిమా. బెనెగల్‌కూ ఇదే మొదటి ఫీచర్ ఫిల్మ్. తిరుమలగిరిలో పుట్టి హైదరాబాద్‌లో చదువుకున్న ఆయన, తను ఎరిగిన తెలంగాణ పల్లెనే తెర మీదికి తెచ్చారు. షబానా చేసిన లక్ష్మి, మాటలు రాని కుమ్మరి కిష్టయ్య భార్య. ఊరి దొర కొడుకు ఆమెను వాడుకుంటాడు, గర్భం అనగానే చేతులు దులుపుకుంటాడు. చివర్లో అతను కిష్టయ్యను కొడుతుంటే లక్ష్మి అడ్డంపడి, ఊరంతా వినేలా శాపనార్థాలు పెడుతుంది. ‘బాంచన్ దొరా’ అనాల్సిన నోటితో ఓ ఆడమనిషి దొరను నిలదీసిన సీన్ అది. ఆ పాత్రకు షబానాకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

‘మండీ’లో అదే షబానా వేశ్యా గృహం నడిపే రుక్మిణీబాయిగా మారిపోయారు. అప్పటికి ఆమె వయసు 33 లోపే. ఆ వయసు హీరోయిన్లు కాలేజీ అమ్మాయిలుగా పాటలు పాడుతుంటే, ఆమె అందరికీ పెద్ద దిక్కులాంటి నడివయసు పాత్ర ఎంచుకున్నారు. స్మితా పాటిల్ జీనత్‌గా చేశారు. ఊరి పెద్దలకు ఆ స్థలం మీద కన్ను పడుతుంది. నీతి పేరు చెప్పి ఈ ఆడవాళ్లను ఊరి బయటికి తోసేస్తారు. సినిమా వాళ్ల మీద జాలి పడమని అడగదు. వాళ్లను వెళ్లగొట్టిన పెద్దమనుషుల్ని చూసి నవ్వుకోమంటుంది.

మాట తక్కువ.. నొప్పి ఎక్కువ: ‘దాసి’

ఇక అసలైన తెలుగు సినిమా దగ్గరికి వద్దాం. బి.నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన ‘దాసి’ నిజాం కాలం నాటి గడీలో జరిగే కథ. దొరసానులు అత్తారింటికి వెళ్లేటప్పుడు వెంట పంపే ఆడబిడ్డలుండేవారు. వీళ్లనే ‘ఆడబాప’లు అనేవారు. వాళ్లకు పెళ్లి లేదు, సొంత ఇల్లు లేదు. దొర పిలిస్తే వెళ్లాలి, బిడ్డ కడుపులో పడితే అదీ వాళ్ల ఇష్టం కాదు.

ఆ కమలాక్షి పాత్రలో కనిపించింది అర్చన. మేకప్ హంగులు లేవు, పొడుగు డైలాగులు లేవు. ఊడుస్తూ, నీళ్లు మోస్తూ, తల వంచుకుని ఆమె నడిచే నడకే కథ చెబుతుంది. అంతకుముందు ఏడాది తమిళ ‘వీడు’కు జాతీయ ఉత్తమ నటి అయిన అర్చన, ‘దాసి’తో వరుసగా రెండోసారీ ఆ అవార్డు అందుకున్నారు. తెలుగు సినిమాతో ఈ అవార్డు కొట్టింది ఇప్పటికి నలుగురే. ‘నిమజ్జనం’తో శారద, ‘దాసి’తో అర్చన, ‘కర్తవ్యం’తో విజయశాంతి, ‘మహానటి’తో కీర్తి సురేష్.

‘దాసి’కి వచ్చిన జాతీయ అవార్డులు మొత్తం ఐదు. ఛాయాగ్రహణం ఎ.కె.బీర్, కళా దర్శకత్వం చిత్రకారుడు టి.వైకుంఠం. కాస్ట్యూమ్స్ అవార్డు అందుకున్న సుదర్శన్‌ది మన మిర్యాలగూడే! ఆ తర్వాత ఆయన పేరే ‘దాసి సుదర్శన్’ అయిపోయింది. అర్చన కట్టిన ఆ చీర ఊరి ఆడమనిషి కట్టినట్టే ఉందంటే, అందులో ఈ జిల్లా మనిషి చూపు ఉంది.

పోచంపల్లి గౌరమ్మ.. ఆలేరు లక్ష్మి

పోచంపల్లిలో తీసిన ‘సుస్మన్’లో నేతన్న రాములుగా ఓం పురి, భార్య గౌరమ్మగా షబానా చేశారు. పట్టు నేసే ఇంట్లో బిడ్డ పెళ్లికి పట్టుచీర ఉండదు. ఆ చీర కోసం పడే తండ్లాటే కథ.

32 ఏళ్ల తర్వాత, 2019లో, అదే బాధ ‘మల్లేశం’లో మళ్లీ కనిపించింది. ఆలేరు ప్రాంతానికి చెందిన పద్మశ్రీ చింతకింది మల్లేశం జీవిత కథ ఇది. పోచంపల్లి డిజైన్ చీరకు ముందు ఆసు పోయాలి. అంటే మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు తిప్పాలి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. భుజం పడిపోతున్న తల్లి లక్ష్మిని చూడలేకే మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. సినిమాలో తల్లిగా ఝాన్సీ, భార్యగా అనన్య నాగళ్ల చేశారు. యాంకర్‌గా అందరికీ తెలిసిన ఝాన్సీ, ఇందులో భుజం పట్టుకుని కూర్చున్న పద్మశాలి అమ్మలాగే కనిపిస్తారు.

ధైర్యం ఎవరిది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బెనెగల్ సినిమాలు హిందీ, దక్కనీలో వచ్చాయి. నటీమణులూ ఎక్కువగా బయటివాళ్లే. కథ మనది, గొంతు వేరే వాళ్లది అన్న వెలితి ఉండేది. ‘మా భూమి’, ‘దాసి’, ‘మల్లేశం’ ఆ వెలితిని కొంత తీర్చాయి. తెలంగాణ శకుంతల సినిమాల్లోకి వచ్చింది కూడా ‘మా భూమి’తోనే.

ఇంకో మాట. తెర మీద ధైర్యం చేసినవాళ్లకు అవార్డులు వచ్చాయి. గడీల్లో నిజంగా నలిగిన ఆడబాపలకు చరిత్రలో పేర్లు కూడా మిగల్లేదు. మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు తుపాకీ పట్టి, ఆ తర్వాత తుంగతుర్తి ఎమ్మెల్యే అయి తమ కథ తామే చెప్పుకున్నారు. చెప్పుకోలేని మిగతా వాళ్లందరి తరఫున మిగిలింది కమలాక్షి వంచిన తల, లక్ష్మి పెట్టిన కేక. అందుకే ఈ సినిమాలు అవసరం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా చూసేవాళ్లు ‘మల్లేశం’తో స్టార్ట్ చేస్తే బెటర్. ఇంటిల్లిపాది చూడొచ్చు. తర్వాత ‘అంకుర్’, ‘సుస్మన్’. ‘మండీ’, ‘దాసి’ పెద్దలకే, విషయం బరువైనది. ‘దాసి’ చూసేటప్పుడు మాత్రం ఫోన్‌లో స్పీడ్ పెంచొద్దు, ఫార్వర్డ్ కొట్టొద్దు. కమలాక్షి మాట్లాడని ఆ నిమిషాల్లోనే సినిమా అంతా ఉంది.