ఆటస్థలము అందరి బిడ్డలది

పల్లెలో ఆటస్థలమనగానే చదును చేసిన నేల, ఒక ఉయ్యాల, ఒక జారుడుబల్ల మన కనుల ముందు మెదలును. సాయంకాలమున అచటికి పోయినచో పిల్లల కేరింతలు వినవచ్చును. కాని గట్టుపై ఒంటరిగా కూర్చుండి చూచుచున్న బిడ్డ కూడ ఒకరుండుట కద్దు. కాలు చచ్చుపడిన బాలుడు కావచ్చును. చూపులేని బాలిక కావచ్చును. కేకలకు బెదరి చెవులు మూసికొను పసివాడు కావచ్చును. పంచాయతీ వెచ్చించిన ధనములో ఈ బిడ్డల వంతు ఎంత యని మనము ప్రశ్నించుకొనవలయును.

ఆట వట్టి కాలక్షేపము కాదు. వామనగుంటలాడు బిడ్డ 14 గుంటలలో గింజలు పంచుచు లెక్క నేర్చును. ఏడుపెంకులాటలో గురి కుదురును, జట్టుతో కలసి మెలగుట అలవడును. వంతు కొరకు వేచియుండుట, ఓటమిని ఓర్చుకొనుట ఆటలోనే అలవడును. తోటివారు చేరనీయని బిడ్డకు ఈ చదువు లోపించుటయే గాక, తాను ఎందుకును కొరగానను దిగులు మనస్సున నాటుకొనును.

వారిని ఆడనిచ్చుట దయాధర్మము కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము ఆటను బాలల హక్కుగా పేర్కొన్నది. 1992లో మన దేశము దాని కంగీకరించినది. రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములలో దివ్యాంగుల సంక్షేమమును ఒకటి. పాఠశాలలలో ఆటపాటలకు దివ్యాంగ బాలలకు సమానావకాశ ముండవలెనని 2016 నాటి చట్టము విధించినది.

ఇందులకు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ద్వారము చక్రాల కుర్చీ పట్టునంత, అనగా కనీసము 3 అడుగుల వెడల్పుండవలెను. మెట్లున్నచోట వాలుబాట వేయవలెను. అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు వాలు మేలు. బాటను మొరముతో గట్టిపరచవలెను. ఇసుకలో చక్రములు దిగబడును. ఒకటి రెండు ఉయ్యాలలకు వీపు ఆనుటకు పలక, నడుమునకు పట్టీ అమర్చవలెను. వామనగుంటలను నేలపై గాక బల్లయెత్తు అరుగుపై చెక్కించినచో కుర్చీలోని బిడ్డయు ఆడగలడు. చూపులేని బిడ్డ చేతితో తడవి ఆడగలదు. వేపచెట్టు నీడన సందడికి దూరముగా ఒక మూల విడిచినచో బెదరిన పసివాడు అచట కుదుటపడి మరల ఆటకు వచ్చును. త్రాగునీరు, మరుగుదొడ్డి అందరికిని అందునట్లుండవలెను.

పని తలపెట్టుటకు ముందు ఆ బిడ్డలను, వారి తల్లులను పిలిచి ఏమి కావలెనో అడుగుడని మా మనవి. పని ముగిసిన పిమ్మట ఒక సాయంకాలము సభ్యులందరును ఆటస్థలమునకు పోయి గట్టువైపు చూడుడు. గట్టుపై బిడ్డ యెవరును మిగులని నాడే ఆ ఆటస్థలము పూర్తియైనట్లు.