మంథని వాళ్ల స్టేషన్ పెద్దపల్లి

మంథనికి రైలు లేదు. గోదావరి ఒడ్డున, వేదపండితుల ఊరుగా పేరుపడ్డ ఈ పట్టణం వాళ్లు రైలెక్కాలంటే ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు బస్సులో వెళ్లి పెద్దపల్లిలో దిగాలి. కాదంటే సెంటినరీ కాలనీ, గోదావరిఖని మీదుగా రామగుండం చేరాలి. మంథని ఒక్కదాని సంగతే కాదు. ముత్తారం, రామగిరి మండలాల పల్లెలకూ, ఇంకా దిగువన కాటారం, మహదేవపూర్, కాళేశ్వరం వైపు ఊళ్లకూ చాలావరకు ఇదే దారి. కాబట్టి పెద్దపల్లి లాంటి చిన్న స్టేషన్‌లో ఏ బండి ఆగాలి, ఏది ఆగకూడదు అని తేల్చేటప్పుడు ఆ ఊరి జనాభానో, అక్కడి కౌంటర్లో తెగిన టికెట్లనో మాత్రమే లెక్కేస్తే న్యాయం జరగదు. దాని వెనకాల ఎంత ప్రాంతం ఆధారపడి ఉందో చూడాలి.

ఈ పరిస్థితికి మూలం లైను వేసిన తీరులోనే ఉంది. నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో వచ్చింది. 1889 నాటికి అది బెజవాడ దాకా సాగింది. కాజీపేట నుంచి ఉత్తరంగా బల్లార్షా వరకు పట్టాలు కలవడానికి మాత్రం 1929 దాకా పట్టింది. ఆ కలయికతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది. పెషావర్–మంగళూరు మధ్య మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పుట్టిందీ ఆ ఏడే. ఈ లైను రామగుండం, మంచిర్యాల మధ్య గోదావరిని దాటుతుంది. మంథని ఆ వంతెనకు దిగువన, తూర్పుగా ఉండిపోయింది. పాత ఊరైనా పట్టాల లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత బొగ్గు గనులు, ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం, ఎరువుల కర్మాగారం వచ్చి రామగుండాన్ని పెద్ద స్టేషన్‌గా నిలబెట్టాయి. పెద్దపల్లికి అంత బరువు లేకపోయినా, కరీంనగర్ మీదుగా నిజామాబాద్ వెళ్లే 177 కిలోమీటర్ల లైను ఇక్కడే మొదలు కావడంతో జంక్షన్ హోదా దక్కింది.

ఇక్కడి సామాన్యులకు నిజంగా పనికొచ్చేవి ఏవంటే ప్యాసింజర్ బండ్లు, పగటి ఎక్స్‌ప్రెస్‌లు. సికింద్రాబాద్–కాగజ్‌నగర్ మధ్య తిరిగే భాగ్యనగర్, భద్రాచలం రోడ్డు నుంచి వచ్చే సింగరేణి, కాజీపేట నుంచి వచ్చే రామగిరి. పెద్దపల్లి–మంథని రోడ్డు మీద బేగంపేట దగ్గర కనిపించే రామగిరి ఖిల్లా పేరు మోస్తున్న బండి ఇది. సెంటినరీ కాలనీలో ఉన్న జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయే రోగులు, హైదరాబాద్‌లో కూలికో కొలువుకో పోయేవాళ్లు, వీళ్లందరికీ జనరల్ బోగీయే గతి. కరోనా కాలంలో ప్యాసింజర్లు ఆగి, మళ్లీ నడిచినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. పది రూపాయలున్న కనీస టికెట్ ముప్ఫై అయింది. 2024 ఫిబ్రవరిలో గానీ పాత ధర తిరిగి రాలేదు. రిజర్వేషన్ ప్రయాణికుడికి ఆ ఇరవై రూపాయలు పట్టవు. రోజూ పోయి వచ్చేవాడికి మాత్రం అది ఆ పూట కూరగాయల ఖర్చు.

చిన్న స్టేషన్లలో హాల్టింగ్ ఇస్తే దూరపు బండ్లు ఆలస్యమవుతాయనే మాట ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఇది ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గం, పైగా బొగ్గు గూడ్సుల రద్దీ. వేగం తగ్గించి, ఆగి, మళ్లీ అందుకోవడానికి పోయే నిమిషాలు వెనక వచ్చే బండి మీద పడతాయి. 2024 సెప్టెంబరులో మొదలైన నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందేభారత్‌కు రామగుండం, కాజీపేటలు ఇచ్చి పెద్దపల్లిని వదిలేయడాన్ని ఈ లెక్కన ఒప్పుకోవచ్చు. ప్రతి సూపర్‌ఫాస్టూ ఆగాలని అడగడం సబబు కాదు. అయితే ఈ ఇబ్బందికి పరిష్కారం కూడా ఇదే మార్గంలో ఉంది. మెము బండికి ఇంజన్ విడిగా ఉండదు. మోటార్లు బోగీల కిందే ఉంటాయి, రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. తొందరగా వేగం అందుకుంటుంది, ఇంజన్ తిప్పే పని లేదు. కాజీపేట–బల్లార్షా మూడో లైను పూర్తిగా అందుబాటులోకి వస్తే గూడ్సుల ఒత్తిడీ తగ్గుతుంది. అలా దొరికే వీలులో మొదటి వాటా పొద్దున, సాయంత్రం నడిచే మెములకు దక్కాలి.

రెండో అభ్యంతరం రాబడి. కొత్త హాల్టింగ్‌ను రైల్వే సాధారణంగా ప్రయోగాత్మకంగా ఇస్తుంది, తర్వాత టికెట్ల అమ్మకం చూసి కొనసాగిస్తుంది. పద్ధతి మంచిదే, కొలతలోనే లోపముంది. పెద్దపల్లిలో ఆగని బండి కోసం మంథని ప్రయాణికుడు రామగుండమో వరంగలో పోయి ఎక్కుతాడు. ఆ రాబడి అక్కడ జమ అవుతుంది, ఇక్కడ గిరాకీ లేదన్న మాట కాగితం మీద రుజువవుతుంది. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక ఇలాంటి లెక్కలతోనే 2,363 స్టేషన్లు మూయమంది. ఊరి స్టేషన్ మూస్తే జనం పెద్ద స్టేషన్‌కు వచ్చి ఎక్కుతారనుకున్నారు. చాలామంది అసలు రైలే మానేశారు. 1969లో మూసిన ఎడిన్‌బరో దక్షిణపు లైనులో కొంత భాగాన్ని 2015లో మళ్లీ తెరవాల్సి వచ్చింది.

రామగుండం–మణుగూరు కొత్త లైను వస్తే మంథనికే రైలొస్తుంది కదా, అప్పటిదాకా ఆగొచ్చు అనేవాళ్లూ ఉన్నారు. మంథని, భూపాలపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా సాగే ఆ ప్రతిపాదన రావాల్సిందే, దానికోసం గట్టిగా అడగాల్సిందే. కానీ పెద్దపల్లి–నిజామాబాద్ లైను సంగతి గుర్తుంచుకోవాలి. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావు ప్రధానిగా 1993లో దానికి శంకుస్థాపన చేశారు. పూర్తయింది 2017లో. ప్రధాని అండ ఉన్న లైనుకే ఇరవై నాలుగేళ్లు పట్టినప్పుడు, రాబోయేదాన్ని చూపించి ఉన్న స్టేషన్‌ను పక్కన పెట్టడం తగదు. బొగ్గు కోసం వేసే లైనులో ప్రయాణికుల బండ్లు ఎన్ని నడుస్తాయన్నదీ ఇప్పుడే తేలే విషయం కాదు.

చేయగలిగినవి చిన్న పనులే. మంథని డిపో బస్సుల వేళలను భాగ్యనగర్, సింగరేణి, రామగిరి వేళలతో కలపాలి. రాత్రి బండి దిగినవాళ్లకు స్టేషన్ ముందు నుంచే మంథని బస్సు దొరకాలి. 2027లో గోదావరి పుష్కరాలొస్తాయి. మంథని, కాళేశ్వరం ఘాట్లకు రైల్లో వచ్చే యాత్రికుల్లో చాలామంది దిగేది ఇక్కడే. ఆ ఏర్పాట్లకు ఆర్టీసీ, రైల్వే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. మంథని వైపు ప్రయాణికులకూ ఒక మనవి: పెద్దపల్లిలో ఎక్కేటప్పుడు టికెట్ పెద్దపల్లి నుంచే తీసుకోండి, రోజూ పోయేవాళ్లు సీజన్ పాస్ అక్కడి పేరు మీదే తీసుకోండి. రేపు హాల్టింగ్ అడగడానికి వెళ్లినప్పుడు అధికారులు ముందుగా చూసేది ఆ లెక్కే.