ఒక్క వరుసలో కాలువ గట్టు

విజయవాడ దగ్గర కాలువ గట్టు మీద సర్వేయరు ఉపగ్రహాల ఆధారంగా స్థానం కొలిచే రోవర్ కర్రను నిలిపి బటన్ నొక్కితే ఒక పాయింటు నమోదవుతుంది. ఆఫీసులోని సివిల్ 3డి వంటి సాఫ్ట్‌వేర్‌కు అది ఒకే వరుసగా చేరుతుంది: పాయింటు నంబరు, నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), ఎత్తు, అది గట్టో రోడ్డంచో చెప్పే కోడు. ఆ పైన వేసే డిజైనంతా ఇలాంటి వరుసల మీదే నిలబడుతుంది.

మొదటి చిక్కు వరుస క్రమంలోనే ఉంది. కొన్ని ఫైళ్లలో ఈస్టింగ్ ముందు వస్తుంది. అది చూసుకోకుండా ఎక్కిస్తే ఊరంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. మన ప్రాంతంలో దీన్ని పట్టుకోవడం తేలికే. యూటీఎం అనే గ్రిడ్ లెక్కలో విజయవాడ నార్తింగ్ సుమారు 18,25,000 మీటర్లు, ఈస్టింగ్ సుమారు 4,60,000. మొదటిది ఏడంకెలు, రెండోది ఆరు.

జోన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. యూటీఎం భూమిని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లుగా విడదీస్తుంది. అనంతపురం 43లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. డ్రాయింగులో పక్క జోన్ పెడితే పొలం 600 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది.

ఎత్తులో పొరపాటు ఇలా కొట్టొచ్చినట్టు కనిపించదు. ఉపగ్రహాల ఆధారంగా రోవర్ లెక్కించే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. విశాఖ తీరంలో నిలబడినా రోవర్ లెక్కించే ఎత్తు మైనస్‌లోనే వస్తుంది. ఈ తేడాను లెక్కగట్టే జియోయిడ్ మోడల్‌తో సవరించిన ఎత్తులనూ సవరించని వాటినీ ఒకే ఫైల్లో కలిపేస్తే నేల రూపమే మారిపోతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్ పక్కపక్క పాయింట్లను త్రిభుజాలుగా కలిపి నేల ఉపరితలాన్ని తయారుచేస్తుంది. గట్టు ఎక్కడుందో దానంతట దానికి తెలియదు. గట్టు అంచు వెంట బ్రేక్‌లైన్ అనే గీత గీయకపోతే త్రిభుజాలు ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు అడ్డంగా పరుచుకుని కాలువను పూడ్చేస్తాయి. క్షేత్రంలో వేసిన కోడు సరిగా ఉంటే ఆ గీతను సాఫ్ట్‌వేరే గీయగలదు. అందుకే బృందమంతా ఒకే కోడుల జాబితా వాడాలి.

డెల్టా కాలువల వాలు చాలా తక్కువ. లెవెల్ కొద్దిగా తప్పినా శివారు భూములకు నీరు అందకపోవచ్చు. కాబట్టి పరికరం నుంచి దిగిన అసలు ఫైలును ముట్టుకోకుండా భద్రపరచాలి, సవరణలన్నీ నకలులోనే చేయాలి. ఫైలుతోపాటు జోన్, ఎత్తు ఆధారం, తేదీ రాసిపెట్టాలి. ఉపరితలం తయారయ్యాక, అందులో వాడని కొన్ని పాయింట్లను క్షేత్రంలో మళ్లీ కొలిచి, తెరమీది ఎత్తులతో సరిపోల్చిన తర్వాతే కాలువ అడుగు లెవెల్‌ను ఖరారు చేయాలి.